అమెరికా ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి ఏ కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి? ఇక్కడే కొనుక్కుని వెళ్లాలా?

వీసా కోసమే అయితే ఏదీ అక్కర్లేదు. ఎఫ్-1 వాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్ ఉండి తీరాలని ఫెడరల్ రూల్ ఏదీ లేదు. ఇంటర్వ్యూ విండో దగ్గర యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 ఫారం చూస్తారు, డబ్బులెవరు కడుతున్నారని అడుగుతారు, ఈ యూనివర్సిటీనే ఎందుకని అడుగుతారు. పాలసీ కాగితం అడిగారని నాకు తెలిసినవాళ్లెవరూ చెప్పలేదు. జె-1 అనే ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ వీసా మీద వెళ్లేవాళ్లకి మాత్రం రూల్ ఉంది, అంకెలతో సహా ఉంది. ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల కవరేజీ ఉండాలి. వైద్యం కోసం సొంత దేశానికి తరలించాల్సి వస్తే 50,000, చనిపోతే మృతదేహం పంపడానికి 25,000 ఇవ్వాలి. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనం పెట్టుకోవాల్సిన మొత్తం, 500 డాలర్లు దాటకూడదు. ఎఫ్-1 వాళ్లని నిలదీసేది యూనివర్సిటీ. కొన్ని చోట్ల మా ప్లాన్ తీసుకోవాల్సిందే అంటారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లలో అయితే యూసీ షిప్ అనే ప్లాన్ వాళ్లే ఫీజుతో పాటు వేసేస్తారు. దానికి దీటైన ప్లాన్ మనకి వేరే ఉందని చూపిస్తే వేవర్ ఇస్తారు, అంటే ఆ ఫీజు తీసేస్తారు. ఇంకొన్ని యూనివర్సిటీలు అసలు పట్టించుకోవు. మనవాళ్లు ఇరుక్కునేది ఎక్కువగా అక్కడే.

మీరు ఏ కంపెనీ అని అడిగారు. కంపెనీ పేరు పట్టుకుని వెళ్తే పని అవదు. ఒకే కంపెనీ మంచి ప్లానూ అమ్ముతుంది, చెత్త ప్లానూ అమ్ముతుంది. నేనెందుకింత గట్టిగా చెప్తున్నానో తెలియాలంటే మా రూమ్మేట్ సంగతి చెప్పాలి.

డాలస్ పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. ఇద్దరు ఒక యూనివర్సిటీ, ఇద్దరు వేరే యూనివర్సిటీ. నా దాంట్లో ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఏడాదికి 2,000 డాలర్లు దాటిపోయేది, కట్టిన ప్రతిసారీ తిట్టుకునేవాణ్ణి. మావాడి యూనివర్సిటీ అడగదు. వాడు సీనియర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టిన లింక్ నొక్కి నెలకి 50 డాలర్ల లోపు ట్రావెల్ ప్లాన్ ఒకటి తీసుకున్నాడు. బ్రోషర్ మీద ఇంత లావు అక్షరాలతో 5,00,000 డాలర్ల వరకు అని ఉంది. నా ప్లాన్ బ్రోషర్ మీద అంత పెద్ద అంకె ఎక్కడా లేదు. "నువ్వు ఊరికే కడుతున్నావురా" అని వాడు నన్ను ఏడిపించేవాడు.

టెక్సస్ ఆగస్టు ఎలా ఉంటుందో వెళ్లాక మీకే తెలుస్తుంది. మావాడు మంచినీళ్లు తాగడు, రోజంతా కూల్‌డ్రింకులే. ఒకరోజు అర్ధరాత్రి దాటాక హాల్లోంచి మూలుగు వినిపించి లేచి చూస్తే కార్పెట్ మీద ముడుచుకుపోయి ఉన్నాడు. ఎడమ పక్క డొక్క పట్టుకుని, ఒకచోట పడుకోలేడు, కూర్చోలేడు. అపెండిక్స్ అని ఒకడు, గ్యాస్ అని ఒకడు. నేను ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేద్దాం అనేసరికి, అంత నొప్పిలోనూ తలెత్తి "అంబులెన్స్ వద్దురా, బిల్లు పడుద్ది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ వాడి భయం ఉత్తి భయమేం కాదు. నెట్‌వర్క్‌లో, అంటే మన ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ల జాబితాలో, లేని ఎమర్జెన్సీ డాక్టర్లు మన మీద అదనపు బిల్లు వేయకుండా నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అనే చట్టం 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది కదా, అందులో హెలికాప్టర్ అంబులెన్స్ ఉంది గానీ రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్ లేదు.

సరే, కార్లో వేసుకుని బయల్దేరాం. డ్రైవ్ చేస్తున్నవాడు ఇంటికి దగ్గర్లో షాపుల వరసలో ఎమర్జెన్సీ అని ఎర్ర అక్షరాల బోర్డు కనపడగానే లోపలికి తిప్పబోయాడు. వద్దు, పెద్దాసుపత్రికే పోనివ్వమన్నాను. ఇది టెక్సస్ వచ్చేవాళ్లందరికీ చెప్పాలి. అక్కడ ఆసుపత్రికి అనుబంధం లేకుండా విడిగా ఎమర్జెన్సీ రూములు పెట్టుకోవచ్చని 2009లో చట్టం చేశారు. అప్పట్నుంచి డోనట్ షాపు పక్కన ఒకటి, జిమ్ పక్కన ఒకటి. బయటి నుంచి చూస్తే చిన్నచిన్న జబ్బులు చూసే అర్జెంట్ కేర్ క్లినిక్‌లాగే అచ్చం ఉంటాయి, బిల్లు మాత్రం ఎమర్జెన్సీ రేటు. గొంతు నొప్పికి వెళ్లి వేల డాలర్ల బిల్లుతో వచ్చినవాళ్లని చూశాను. బోర్డు మీద అర్జెంట్ కేర్ అని ఉందా, ఎమర్జెన్సీ అని ఉందా చదివి లోపలికి వెళ్లండి.

ఆసుపత్రిలో కౌంటర్ దగ్గరావిడ కార్డు అడిగింది. వాడి దగ్గర కార్డు లేదు, ఫోన్లో పీడీఎఫ్ ఉంది. ఆవిడ దాన్ని అటు జరిపి, ఇటు జరిపి, పెద్దది చేసి చూసి "ఇది ఏ నెట్‌వర్క్?" అంది. వాడు గోడకి ఆనుకుని "ఫైవ్ హండ్రెడ్ థౌజండ్" అన్నాడు. పాపం, వాడికి గుర్తున్నది అదొక్కటే. అయినా లోపలికి తీసుకున్నారు. ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా ఎమర్జెన్సీకి వచ్చినవాణ్ణి ముందు పరీక్షించాలి, ప్రాణాపాయం తప్పించాలి, ఆ చట్టం 1986 నుంచి ఉంది. దాన్ని చూసుకుని ఇన్సూరెన్స్ ఎందుకులే అనేవాళ్లున్నారు. వైద్యం చేయాలని చట్టం చెప్పింది, ఊరికే చేయమని చెప్పలేదు.

నర్సు వచ్చి నొప్పి పదికి ఎంత అని అడిగితే మావాడు "ఎనిమిది" అన్నాడు, అప్పుడే వాంతి చేసుకున్నాడు. ఆవిడ పది అని రాసుకుంది. సెలైన్ పెట్టారు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, సీటీ స్కాన్ తీశారు. కిడ్నీలో రాయి. చిన్నదే, దానంతటదే పోతుంది, నీళ్లు బాగా తాగమని చెప్పి, రాయి పడితే పట్టడానికి చిన్న జల్లెడ ఒకటి చేతికిచ్చి తెల్లారేసరికి పంపేశారు. వాడు ఆ జల్లెడని రెండు చేతులతో పట్టుకుని కార్లో కూర్చున్నాడు. హమ్మయ్య అయిపోయింది అనుకున్నాం.

తర్వాత మొదలయ్యాయి కవర్లు. ఆసుపత్రిది ఒకటి, ఎమర్జెన్సీ డాక్టర్ల గ్రూపుది ఇంకొకటి, స్కాన్ చూసి రిపోర్టు రాసిన రేడియాలజిస్టుది మరొకటి. ఆ రేడియాలజిస్టు మొహం కూడా మేం చూడలేదు. అన్నీ కలిపి 9,000 డాలర్లు దాటింది. ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చింది అందులో పదో వంతు కూడా లేదు. ఎందుకంటే ఆ 5,00,000 అట్ట మీద ఉంది, లోపల టేబుల్ వేరే ఉంది. ఎమర్జెన్సీకి వెళ్తే ఇంత, స్కాన్‌కి ఇంత, డాక్టర్ చూస్తే ఇంత, ప్రతిదానికీ ఒక చిన్న అంకె. అసలు బిల్లు ఎంతైనా సరే వాళ్లు ఇచ్చేది ఆ అంకె వరకే. దీన్ని షెడ్యూల్డ్ బెనిఫిట్ ప్లాన్ అంటారు. పైన చెప్పిన నో సర్‌ప్రైజెస్ యాక్ట్ కూడా ఇలాంటి ట్రావెల్ ప్లాన్లు ఉన్నవాళ్లని కాపాడదు. బిల్లు కట్టలేక వాడు చదువు మానేస్తానన్నంత వరకూ వెళ్లాడు.

వాణ్ణి గట్టెక్కించింది ఇన్సూరెన్స్ కాదు, ఆసుపత్రి వాళ్ల ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నీ పన్ను మినహాయింపు కావాలంటే ఇలాంటి పాలసీ ఒకటి పెట్టి తీరాలి, రాతపూర్వకంగా. మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల దాకా అప్లై చేసుకోవచ్చు. ఎవరూ పిలిచి చెప్పరు, బిల్లు వెనకాల సన్న అక్షరాల్లో ఉంటుంది. బ్యాంక్ స్టేట్‌మెంట్, లీజు కాగితం జతచేసి పంపాం, ఫోన్లు చేశాం, మళ్లీ పంపాం. ఆసుపత్రి తన బిల్లులో చాలా మటుకు కొట్టేసింది. డాక్టర్ల గ్రూపు, రేడియాలజిస్టు బిల్లులు దాని కిందికి రావన్నారు, అవి నెలకింత అని వాయిదాల్లో కట్టాడు. ఏ బిల్లు వచ్చినా కట్టే ముందు దేనికెంతో విడివిడిగా రాసిన ఐటమైజ్డ్ బిల్లు అడగండి. ఇంకో మాట, వాళ్లెంత ఇచ్చారో చెప్తూ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చే ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్ కాగితం చూసి కంగారుపడి డబ్బులు కట్టకండి, అది బిల్లు కాదని దాని మీదే రాసి ఉంటుంది.

అదే రాత్రి నాకు వచ్చి ఉంటే ఎంతయ్యేదని మేం కూర్చుని లెక్కేశాం. ముందు 500 డిడక్టిబుల్, ఆ పైన కంపెనీ ఒప్పుకున్న రేటులో 20 శాతం. 1,500 దగ్గర ఆగేది. పోనీ పెద్ద ఆపరేషనే పడిందనుకోండి, అవుట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్ అని ఒక గీత ఉంటుంది. నెట్‌వర్క్‌లో చూపించుకుంటే ఆ ఏడాదికి మన జేబులోంచి పోయేది అంతవరకే, మిగతాది వాళ్లే పెట్టుకుంటారు. నా దృష్టిలో ప్లాన్ అంటే ఆ ఒక్క అంకే. మావాడి పీడీఎఫ్ మొత్తం వెతికాం, ఆ మాట అందులో లేనే లేదు. మీకెవరైనా ప్లాన్ పంపితే ముందు ఆ మాట వెతకండి. లేకపోతే ఆ ఫైల్ మూసేయండి, ప్రీమియం ఎంతో కూడా చూడక్కర్లేదు.

ఆస్తమా, థైరాయిడ్, షుగర్ లాంటివి ముందే ఉన్నవాళ్లు అయితే ఆలోచించే పనే లేదు, యూనివర్సిటీ ప్లానే తీసుకోండి. ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం నిబంధనల ప్రకారం నడిచే స్టూడెంట్ ప్లాన్లు పాత జబ్బని చెప్పి తప్పించుకోలేవు, ముఖ్యమైన వైద్యానికి ఏడాదికి ఇంతేనని పరిమితి కూడా పెట్టకూడదు. ట్రావెల్ ప్లాన్లలో "అక్యూట్ ఆన్‌సెట్" అని రాస్తారు. అంటే పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరి ఎమర్జెన్సీ అయితేనే చూస్తారు, అదీ వాళ్ల షరతుల ప్రకారం. నెలనెలా మందులు, చెకప్‌లు మీవే.

పళ్ల విషయం ఎవరూ చెప్పరు. చాలా స్టూడెంట్ ప్లాన్లలో పెద్దవాళ్లకి పళ్లు, కళ్లు ఉండవు, విడిగా కొనుక్కోవాలి. పిప్పి పన్ను ఉంటే విమానం ఎక్కకముందే చూపించుకోండి, కళ్లజోడు ఇంకోటి చేయించుకోండి. టీకా కాగితాలూ అంతే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకి వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు వేయించుకున్నట్టు డాక్టరు సంతకంతో కాగితం లేకపోతే రిజిస్ట్రేషన్ ఆపేసే యూనివర్సిటీలు బోలెడు. టెక్సస్‌లో 22 ఏళ్ల లోపు వాళ్లకి మెనింజైటిస్ టీకా కూడా అడుగుతారు. అక్కడికెళ్లి వేయించుకుంటే ఆ ఖర్చు వేరే.

సీనియర్లు చెప్పారు కదా అంటారు. సీనియర్లు మంచివాళ్లే, కానీ వాళ్లలో ఎంతమంది ఆ ప్లాన్ మీద ఆసుపత్రికి వెళ్లారో అడగండి. జబ్బు చేయనంత కాలం ప్రతి ప్లానూ బ్రహ్మాండమైనదే. పైగా ఆ లింకుల్లో సగం రెఫరల్ లింకులు, మీరు కొంటే వాళ్లకి గిఫ్ట్ కార్డ్ వస్తుంది. కొన్ని నెలలకోసారి మన గ్రూపుల్లో విరాళాలు అడిగే గోఫండ్‌మీ లింక్ తిరుగుతుంది. యాక్సిడెంట్ అయింది, ఐసీయూలో ఉన్నాడు, లేదా ఇక లేడు, ఇంటికి పంపాలి. నేనూ వేస్తాను, అందరూ వేస్తారు. కానీ మృతదేహం పంపే ఖర్చు కవరేజీ జె-1 వాళ్లకి తప్పనిసరి చేసి ఎఫ్-1 వాళ్లని గాలికి ఎందుకు వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు. చాలా యూనివర్సిటీ ప్లాన్లలో ఇది కలిపే ఉంటుంది. మీదాంట్లో రీపాట్రియేషన్ అనే మాట ఉందో లేదో చూసుకోండి, లేకపోతే విడిగా కొనుక్కోవచ్చు.

ఇక ఇక్కడే కొనుక్కుని వెళ్లాలా అన్నదానికి. మీ యూనివర్సిటీ ప్లాన్ ఏ తారీకు నుంచి మొదలవుతుందో చూడండి. సాధారణంగా ఫాల్ సెమిస్టర్‌కి ఆగస్టులో ఎప్పుడో మొదలవుతుంది. మీరు దానికి ముందే దిగుతుంటే ఆ మధ్య రోజులకి మాత్రం ట్రావెల్ పాలసీ తీసుకోండి, ఏడాదికి తీసుకోకండి. వేవర్ పెట్టాలనుకుంటే దాని ఆఖరు తేదీ సెమిస్టర్ మొదట్లోనే ఉంటుంది, అది దాటితే ఫీజు తిరిగి రాదు. చదువు అయిపోయి ఓపీటీలోకి, అంటే చదివాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతిలోకి, వెళ్లినప్పుడు యూనివర్సిటీ ప్లాన్ ఎప్పటితో ఆగిపోతుందో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి, ఉద్యోగం వచ్చే లోపు నెలలకి వేరే ప్లాన్ చూసుకోవాల్సి వస్తుంది.