రగ్బీ బోర్ కొడుతోందా? సోఫాలో పదేళ్లు గడిపినవాడి జవాబు

"అంతర్జాతీయ రగ్బీ ఈ మధ్య చూడబుద్ధి కావడం లేదట, బంతిని తన్నడం ఎక్కువై పరిగెత్తడం తక్కువైందట. నిజమేనా? హైదరాబాద్‌లో కూర్చుని ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టడం దండగేనా?" అని అడిగారు.

నాకు పదేళ్ల అనుభవం ఉంది. ఆడిన అనుభవం కాదు, చూసిన అనుభవం. బోర్ కొడుతుందన్న మాట సగం నిజమే. కానీ దానికి అందరూ చెప్పే కారణం నాకు నచ్చదు. బంతిని తన్నడం వల్ల నాకెప్పుడూ నిద్ర రాలేదు. ఆట ఆగిపోయి, ఎందుకు ఆగిందో అర్థం కాక, ముప్ఫై మంది నీళ్లు తాగుతూ నిలబడ్డప్పుడు మాత్రం హాయిగా వచ్చింది.

ఈ ఆటలో నేను ఎలా పడ్డానంటే, మాదాపూర్‌లో అప్పుడు న్యూజిలాండ్ క్లయింట్ ప్రాజెక్టులో ఉండేవాణ్ని. వాళ్లకు పొద్దున తొమ్మిదైతే మనకు రాత్రి రెండున్నర. సోమవారం కాల్ మొదలవగానే పది నిమిషాలు రగ్బీ కబుర్లే. మనవైపు అందరం మ్యూట్‌లో ఉండి తల ఊపేవాళ్లం. ఆ మొహమాటం భరించలేక 2015 వరల్డ్ కప్ చూడటం మొదలుపెట్టాను. మొదటి నుంచి చివరి దాకా చూసిన తొలి మ్యాచ్ జపాన్, దక్షిణాఫ్రికాలది. బ్రైటన్‌లో జరిగింది. ఆఖర్లో జపాన్ మూడు పాయింట్లు వెనకబడి ఉంది. పెనాల్టీ దొరికింది. గోల్ మీదికి తంతే మూడు పాయింట్లు, మ్యాచ్ డ్రా. దక్షిణాఫ్రికాతో డ్రా అంటేనే వాళ్లకు పండగ. వాళ్లు తన్నలేదు, స్క్రమ్ అడిగారు, అంటే రెండు జట్ల బరువైనవాళ్లు తలలు వంచి ఎదురెదురుగా తోసుకుంటూ ఆట తిరిగి మొదలుపెట్టడం. ఆ తర్వాత బంతిని అటు చివర నుంచి ఇటు చివరకు తెచ్చి మూలన ట్రై కొట్టారు, అంటే అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించారు, దానికి ఐదు పాయింట్లు. 34-32. మొదటి మ్యాచే అలాంటిది దొరకడం ఒకరకంగా నష్టమే. తర్వాత చూసిన వందల మ్యాచ్‌లలో అదే వెతుక్కున్నాను.

ఇక బోర్ సంగతి. 2021 జులై 31, దక్షిణాఫ్రికా మీద బ్రిటిష్ ఐరిష్ లయన్స్ (ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు) రెండో టెస్ట్, కేప్‌టౌన్‌లో. కరోనా వల్ల స్టేడియంలో జనం లేరు. ఇక్కడ నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో, ఎలాగూ అన్ని రాత్రులూ ఒకేలా ఉండే రోజులవి. నలభై నిమిషాల ఫస్ట్ హాఫ్ పూర్తి కావడానికి గంట దాటింది. ఆ వారంలోనే దక్షిణాఫ్రికా కోచింగ్ పెద్ద రాసీ ఎరాస్మస్ మొదటి టెస్ట్‌లో రిఫరీ తప్పులంటూ గంటకు పైగా ఉన్న వీడియో చేశాడు. ఇంకేముంది, రెండో టెస్ట్‌లో ప్రతి చిన్నదానికీ రీప్లే చూడటమే. టీఎంఓ అంటే మన క్రికెట్ థర్డ్ అంపైర్ లాంటివాడు. క్రికెట్‌లో డీఆర్ఎస్ వస్తే మనం కుర్చీ అంచుకు వస్తాం, ఎందుకంటే బంతి బ్యాట్‌కు తగిలిందా, వికెట్లకు తగిలేదా అనే ప్రశ్న మనకూ తెలుసు. ఇక్కడ ఎవడి భుజం ఎవడి గడ్డానికి ఏ కోణంలో తగిలిందో తేలుస్తుంటారు. తలకు దెబ్బ తగలకుండా చూసుకోవడం అవసరమే, దాన్ని నేను కాదనను. కానీ ఆ రాత్రి రీప్లేలు చూస్తూనే కునుకు తీశాను, లేచి చూస్తే ఇంకా ఫస్ట్ హాఫే నడుస్తోంది.

రెండో సంఘటన 2024 ఫిబ్రవరిలో, యూరప్‌లో ఆరు దేశాలు ఏటా ఆడే సిక్స్ నేషన్స్‌లో స్కాట్లాండ్, ఫ్రాన్స్ మ్యాచ్. ఎడిన్‌బరాలో మధ్యాహ్నం, మనకు రాత్రి ఏడు ముప్పావు. మా నాయిన పక్కనే కూర్చున్నాడు. ఆయన కుర్రతనంలో ఊరి జట్టుకు కబడ్డీ ఆడినవాడు. ఇప్పటికీ తెలుగు టైటాన్స్ ఓడిపోతే ఆ రోజు అన్నం సగమే తింటాడు. ఆ మ్యాచ్‌లో ఒక దశలో ఒకడు బంతి తన్నాడు, అవతలివాడు పట్టుకుని నిలబడి మళ్లీ ఇటే తన్నాడు, ఇవతలివాడు మళ్లీ అటు. మధ్యలో ఉన్నవాళ్లందరూ రావి చెట్టు కింద కూర్చున్నవాళ్లలా తలలు అటూ ఇటూ తిప్పుతున్నారు. జనం కేకలేసి గోల చేశారు. మా నాయిన అన్నాడు: "గిదేం ఆటరా? దొరికిన బంతి మల్ల వాళ్లకే ఇస్తున్నరు. కూత పెట్టుకుంట పోయి ఒట్టి చేతులతోని వచ్చినట్టుంది."

ఆయన పోలిక సరిగ్గా అతికింది. అక్కడ జరిగింది నిబంధనలో ఉన్న ఒక సందు. తన్నినవాడి కంటే ముందున్న సొంత జట్టువాళ్లు ఆఫ్‌సైడ్‌లో ఉన్నట్టు లెక్క, ముందుకు కదలకూడదు. బంతి పట్టుకున్నవాడు ఐదు మీటర్లు పరిగెత్తితేనో పాస్ ఇస్తేనో వాళ్లకు స్వేచ్ఛ వచ్చేది. అందుకని పట్టుకున్నవాడు కదలడు, వాళ్లూ కదలరు. ఫ్రాన్స్ కెప్టెన్ ఆంట్వాన్ డ్యూపాంట్ దీన్ని బాగా వాడుకున్నాడని దీనికి డ్యూపాంట్ లా అని పేరు పడింది. 2024 జులై నుంచి ఆ సందు మూసేశారు. ఇప్పుడు ముందున్నవాళ్లు వెనక్కి తగ్గే ప్రయత్నం చేయాల్సిందే. దాంతో బంతి పట్టుకున్నవాడికి పరిగెత్తే చోటు దొరుకుతోంది.

కబడ్డీలోనూ ఇదే కథ కదా. వరసగా రెండు ఖాళీ రైడ్లు అయ్యాక మూడోదాంట్లో పాయింట్ తేకపోతే అవుట్ అని డూ ఆర్ డై పెట్టారు, లేకపోతే రైడర్లు గీత దాటి వచ్చేసి కాలం గడిపేసేవాళ్లు. రగ్బీలో 2021లో ప్రయోగంగా తెచ్చిన 50:22 కూడా అలాంటిదే. మన సగం నుంచి తన్నిన బంతి మైదానంలో ఒకసారైనా నేల తాకి, అవతలి జట్టు 22 మీటర్ల గీత లోపల పక్క గీత దాటితే, లైనౌట్‌లో, అంటే బయటికి పోయిన బంతిని తిరిగి లోపలికి విసిరేటప్పుడు, ఆ విసిరే అవకాశం తన్నిన జట్టుకే. ఆ భయానికి ఎదుటి జట్టు ఇద్దరు ముగ్గురిని వెనక్కి పంపాలి. ముందు గోడలో అంతమంది తగ్గుతారు. అప్పుడు సందు కనిపిస్తుంది. అంటే తన్నుడుతోనే పరుగుకు దారి తీశారు. ఇది నాయినకు చెబితే "తెలివే" అని ఊరుకున్నాడు.

అసలు ఆ గోడ సంగతి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. 1995 దాకా రగ్బీ యూనియన్‌లో, అంటే మనం మాట్లాడుకుంటున్న పదిహేను మంది ఆటలో, ఆటగాళ్లకు అధికారికంగా జీతాల్లేవు. ఆ తర్వాత రోజంతా అదే పని. పదముగ్గురు ఆడే ఇంకో రకం ఆట రగ్బీ లీగ్ నుంచి షాన్ ఎడ్వర్డ్స్ లాంటి కోచ్‌లు వచ్చి డిఫెన్స్‌ను ఒక శాస్త్రం చేసి పెట్టారు. డెబ్భై మీటర్ల వెడల్పు మైదానంలో పదముగ్గురు వరసగా నిలబడి ఒకేసారి ముందుకొస్తే బంతి పట్టుకున్నవాడికి గాలి కూడా ఆడదు. ఒకప్పుడు అరవయ్యో నిమిషానికి బరువైనవాళ్లు అలసిపోయేవాళ్లు, అప్పుడు కాళ్లున్నవాళ్ల రాజ్యం. ఇప్పుడు బెంచి మీద ఎనిమిది మంది ఉంటారు. దక్షిణాఫ్రికా ఆ ఎనిమిది మందిలో ఆరుగురినీ, ఒక్కోసారి ఏడుగురినీ బండల్లాంటి ఫార్వర్డ్‌లనే (స్క్రమ్‌లో తోసేవాళ్లు) పెట్టుకుని సెకండ్ హాఫ్‌లో గుంపుగా దించుతుంది. దానికి బాంబ్ స్క్వాడ్ అని పేరు. తెలివైన పనే, ఒప్పుకుంటాను. కానీ నన్ను అడిగితే, చూసేవాళ్ల కోసం ఒక్క నిబంధనే మార్చమంటే ఈ మార్పిళ్లను తగ్గించమంటాను. అలసట కూడా ఆటలో భాగమే.

"పాత రోజుల్లో అబ్బ, ఎంత బాగుండేదో" అనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. అందరూ తలచుకునే 1995 వరల్డ్ కప్ ఫైనల్, మండేలా జెర్సీ వేసుకుని వచ్చినది, దాంట్లో ఒక్క ట్రై లేదు. 15-12, అదీ ఎక్స్‌ట్రా టైమ్‌లో డ్రాప్ గోల్‌తో, అంటే ఆట నడుస్తుండగానే బంతిని నేలకు వదిలి గోల్ మీదికి తన్నడంతో. 2007 ఫైనల్ 15-6, అందులోనూ ట్రై లేదు. ఆ రోజుల నుంచి మనకు మిగిలినవి న్యూజిలాండ్ ఆటగాడు జోనా లోము ఇంగ్లండ్ వాళ్లను తొక్కుకుంటూ పోయిన వీడియో ముక్కలే. ముక్కల్లో చూస్తే ఏ కాలమైనా బంగారమే.

ఇప్పుడు నా వాదనకు అసలు సాక్ష్యం: 2023 అక్టోబర్. పద్నాలుగో తేదీ శనివారం, మా వీధిలో ఎంగిలిపూల బతుకమ్మ, టీవీలో అహ్మదాబాద్‌లో ఇండియా, పాకిస్తాన్. మనం గెలిచి, బతుకమ్మలు చెరువుకు పోయి, అందరూ పడుకున్నాక అర్ధరాత్రి పన్నెండున్నరకు ఐర్లండ్, న్యూజిలాండ్ రగ్బీ వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్ పెట్టుకున్నాను. చివర్లో న్యూజిలాండ్ 28-24తో ముందుంది. బంతి ఐర్లండ్ చేతిలో. ముప్ఫై ఏడు ఫేజ్‌లు ఆడారు. ఫేజ్ అంటే, ఒకడు బంతితో దూసుకెళ్తాడు, పడగొడతారు, పడ్డవాడు బంతిని తనవైపు పెడతాడు, ఇద్దరు వచ్చి కాపలా కాస్తారు, ఇంకొకడు తీసుకుని మళ్లీ మొదలు. అలా ముప్ఫై ఏడు సార్లు. సమయం ఎప్పుడో అయిపోయింది. బంతి జారితే మ్యాచ్ అయిపోయినట్టే, ఇటు న్యూజిలాండ్ పెనాల్టీ ఇచ్చినా ప్రమాదమే. మైదానం మీద వాళ్లు సాధించిన దూరం పెద్దగా లేదు. స్కోరు కదల్లేదు. కాగితం మీద చూస్తే ఇంతకంటే చప్పటి ఐదు నిమిషాలు ఉండవు. నేను మాత్రం లేచి నిలబడి, అరవడానికి వీల్లేక, దిండు నోట్లో కుక్కుకున్నాను. ఆఖరికి న్యూజిలాండ్ ఆటగాడు సామ్ వైట్‌లాక్ ఆ గుంపులోకి చేతులు పెట్టి బంతిని లాగేసుకున్నాడు. ఐర్లండ్ పదిహేడు విజయాల వరస అక్కడ ఆగింది.

మర్నాడు రాత్రి ఫ్రాన్స్, దక్షిణాఫ్రికా. ఫస్ట్ హాఫ్‌లోనే ఆరు ట్రైలు. ట్రై తర్వాత ఫ్రాన్స్‌వాడు రెండు పాయింట్ల కోసం బంతి తన్నబోతుంటే దక్షిణాఫ్రికా ఆటగాడు చెస్లిన్ కోల్బె అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి అడ్డు దూకి ఆపేశాడు. చివరి స్కోరు 29-28. అదే మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా వాడే డేమియన్ విల్లెంస సొంత గీత దగ్గర బంతి పట్టుకుని, దానికి ఫ్రీ కిక్ దొరికినా హాయిగా తన్నేయకుండా స్క్రమ్ కావాలన్నాడు. మా స్క్రమ్ మీ దానికంటే గట్టిదని చెప్పడం అది. నాకు భలే నచ్చింది. రగ్బీ నిబంధనలు రాసే పెద్దలకు నచ్చలేదేమో, మరుసటి ఏడాది ఫ్రీ కిక్ బదులు స్క్రమ్ అడిగే వీలు తీసేశారు.

ఫైనల్ రాత్రి చంద్రగ్రహణం. పట్టు ఒంటిగంట దాటాక అయినా, అమ్మ సాయంత్రమే అన్నం పెట్టేసి, పెరుగు గిన్నె మీద గరిక వేసి, విడుపు దాకా నోట్లో ఏమీ వేసుకోవద్దంది. ఖాళీ కడుపుతో చూశాను. న్యూజిలాండ్ కెప్టెన్ సామ్ కేన్‌కు రెడ్ కార్డ్, పురుషుల ఫైనల్లో అదే మొదటిది. పద్నాలుగు మందితోనే ఆఖరి దాకా పోరాడి 12-11తో ఓడిపోయారు. దక్షిణాఫ్రికా సెకండ్ హాఫ్‌లో ఒక్క పాయింట్ కూడా చేయలేదు, అయినా గెలిచింది. పీటర్ స్టెఫ్ డుటాయిట్ ఒక్కడే 28 టాకిళ్లు చేశాడు. మర్నాడు ఆఫీసు గ్రూపులో ఒకతను "ఒక్కటే ట్రై, చెత్త ఫైనల్" అని పెట్టాడు. హైలైట్స్ చూసినవాడికి అలాగే ఉంటుంది మరి.

2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టారు, మనకూ హైదరాబాద్ హీరోస్ అని జట్టు వచ్చింది. అది సెవెన్స్, జట్టుకు ఏడుగురే. మైదానం మాత్రం అంతే పెద్దది, కాబట్టి పరుగే పరుగు, ట్రైల మీద ట్రైలు. బోర్ అనే మాటే రాదు. నాయిన నాలుగు మ్యాచ్‌లు ఇష్టంగా చూశాడు. వారం తర్వాత అడిగితే ఒక్క స్కోరు కూడా ఆయనకు గుర్తులేదు. నాకూ లేదు.

మీరు మొదలుపెడతానంటే, న్యూజిలాండ్‌లో ఆడే టెస్టులు చాలావరకు మనకు శనివారం మధ్యాహ్న భోజనం వేళకే వస్తాయి, ఒళ్లు హూనం చేసుకోనక్కర్లేదు. మహిళల మ్యాచ్‌లు కూడా చూడండి. 2025 వరల్డ్ కప్ ఫైనల్‌కు ట్వికెన్‌హామ్‌లో 81,885 మంది వచ్చారు, ఇంగ్లండ్ 33-13తో కెనడాను ఓడించింది. నా కంటికైతే అక్కడ సందులు ఎక్కువ కనిపిస్తాయి. ఫిబ్రవరి, మార్చిలలో సిక్స్ నేషన్స్ ఉంటుంది. అందులో ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఆడేది కలకత్తా కప్ కోసం. 1878లో అక్కడి రగ్బీ క్లబ్ మూతబడితే మిగిలిన వెండి రూపాయలు కరిగించి చేయించిన కప్పు, మూత మీద ఏనుగు, పిడులకు నాగుపాములు. నాయినకు ఆ టోర్నీలో ఆసక్తి ఉన్నది ఆ కప్పు మీదే.

చూసేటప్పుడు బంతిని వదిలేసి, పడ్డవాడి చుట్టూ చేరే ఆ ముగ్గురు నలుగుర్ని చూడండి. కబడ్డీలో రైడర్ కాలు దొరికాక మిగతావాళ్లు ఎలా మీద పడతారో అలాగే ఉంటుంది, బంతి అక్కడే చేతులు మారుతుంది. ఇక స్క్రమ్ కూలిపోయి రిఫరీ మళ్లీ పెట్టమన్నప్పుడు నిశ్చింతగా లేచి వెళ్లి టీ పెట్టుకోండి. ఇప్పుడు ముప్ఫై సెకన్ల గడియారం పెట్టారు గానీ, పాలు పొంగేలోపు ఆట మొదలవదు.