బీఎస్సీతో డెవలపర్ అయ్యాక ఎంసీఏ ఎందుకు, ఎలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఇక్కడే బీఎస్సీ కంప్యూటర్స్ చేసి, రెండేళ్లుగా బెంగళూరులో జావా డెవలపర్‌గా పనిచేస్తున్నాను. కంపెనీ మారదామంటే చాలాచోట్ల బీటెక్ లేదా ఎంసీఏ అడుగుతున్నారు. ఉద్యోగం మానేసి ఐసెట్ రాసి రెగ్యులర్ ఎంసీఏ చేయాలా, దూరవిద్యలో చేయాలా, లేక సర్టిఫికేషన్లు చేస్తే సరిపోతుందా? నాన్నేమో ఇవన్నీ ఎందుకు, ఇంటికొచ్చి గ్రూప్స్‌కి చదువుకోమంటున్నారు.

జవాబు: ఉద్యోగం మాత్రం మానొద్దమ్మా. రెండేళ్ల అనుభవం ఉన్న జావా డెవలపర్‌ని పిలిచేవాళ్లు ఉంటారు. అదే నువ్వు మన అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ)లోనో ఇంకోచోటో రెండేళ్లు క్లాసులో కూర్చుని బయటికొస్తే మళ్లీ ఫ్రెషర్ల వరసలో నిలబడాలి, పైగా రెండేళ్ల జీతం పోతుంది, ఇంటర్వ్యూలో ఆ గ్యాప్ ఏంటని అడిగితే సమాధానం చెప్పుకోవాలి. ఇప్పుడిప్పుడే డిగ్రీ అయిపోయి చేతిలో ఉద్యోగం లేని పిల్లలకైతే రెగ్యులర్ చేయమనే చెబుతాను, నీకు చెప్పను.

నీకు తక్కువైంది కాగితం ఒక్కటే. జాబ్ పోర్టల్‌లో దరఖాస్తు నింపుతుంటే క్వాలిఫికేషన్ దగ్గర బీఈ, బీటెక్, ఎంసీఏ అని ఉంటుంది, బీఎస్సీ ఉండదు, నువ్వు రాసిన కోడ్ ఒక్క లైను కూడా ఎవరూ చూడకుండానే నీ రెజ్యూమె పక్కకు పోతుంది. ఆ గేటు దాటడానికి ఏ క్లౌడ్ సర్టిఫికెట్టూ పనికిరాదు. అందుకే నీ విషయంలో ఎంసీఏ చేయడం మంచిదే అంటున్నాను. నీ టీమ్‌లో బీటెక్ చేసిన అబ్బాయి ఇదే అడిగితే, టీచింగ్ వైపో రీసెర్చ్ వైపో వెళ్లే ఆలోచన లేకపోతే ఇంకో డిగ్రీ ఎందుకురా నాయనా అంటాను.

దూరవిద్య అనగానే మనవాళ్లకు చిన్నచూపు ఉంది కానీ, యూజీసీ గుర్తింపు ఉన్న కోర్సైతే ఆ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీయే చెప్పింది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నోనే తీసుకో. ఎంసీఏ 80 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువు అని వాళ్లే లెక్క కడతారు, అంటే మొత్తం 2,400 గంటలు. రెండేళ్లలో ముగించాలంటే వారానికి 23 గంటలు. ఆఫీసు, ట్రాఫిక్, రాత్రి పూట వచ్చే ప్రొడక్షన్ కాల్స్, వీటి మధ్య 23 గంటలు ఎక్కడి నుంచి తెస్తావు? జావా, డేటాబేస్, వెబ్ లాంటివి నీకు రోజూ చేసే పనే కాబట్టి అంత పట్టదు, కానీ మ్యాథ్స్ పేపర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ పట్టుకుంటాయి. పూర్తి చేయడానికి నాలుగేళ్ల వరకు గడువు ఉంది కాబట్టి మొదటి రోజే మూడేళ్ల ప్లాన్ వేసుకో. రెండేళ్లలో అవగొడతానని ఊపుగా మొదలుపెట్టి, ఒక్క సెమిస్టర్ పోగానే టెన్షన్ పడి మొత్తం వదిలేసినవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు.

పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో, సెంటర్‌కి వెళ్లి పెన్నుతో మూడు గంటలు రాయాలి. రోజూ కీబోర్డు మీద ఉన్న చెయ్యి మొదటి గంటకే లాగుతుంది, నవ్వకు, నెల ముందు నుంచే పాత పేపర్లు చేత్తో రాయి. ల్యాబులకు హాజరు తప్పనిసరి, అందుకని స్టడీ సెంటర్ బెంగళూరులోనే పెట్టుకో. సొంతూరికి దగ్గరని ఇటువైపు సెంటర్ పెట్టుకుంటే ప్రతి ల్యాబుకీ సెలవు పెట్టి బస్సెక్కాలి. పరీక్ష తేదీలు రాగానే మేనేజర్‌కి చెప్పి సెలవు మెయిల్‌లో పెట్టెయ్, రిలీజ్ వారం అదే రోజుల్లో పడితే నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

ఇంకో సంగతి. డబ్బు కడితే పరీక్ష రాయకుండానే, పాత తేదీతో సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఫోన్లు చేసేవాళ్లుంటారు. పెట్టెయ్ ఫోన్. కంపెనీల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో నేరుగా యూనివర్సిటీనే అడుగుతారు, దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది. దూరవిద్యలో ఎంటెక్ అన్నా నమ్మొద్దు. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా అలా ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. ఎంటెక్ మీద మనసుంటే ఎంసీఏ అయ్యాక దాని ప్రవేశ పరీక్ష గేట్ రాయి, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

సర్టిఫికేషన్ అంటావా, ఒక్కటి చాలు, అదీ మీ టీమ్ వాడేదే. అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) అసోసియేట్ పరీక్ష 150 డాలర్లు, మూడేళ్లకోసారి మళ్లీ రాయాలి. నీ జేబులోంచి కట్టేముందు కంపెనీ ఇస్తుందేమో అడుగు, ఇస్తామంటే ఆ తర్వాత ఎన్నాళ్లు ఉండాలని రాయించుకుంటున్నారో చదివి సంతకం పెట్టు. నేర్చుకోవడానికే అయితే ఐఐటీలవాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగానే ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

అమెరికా ఆలోచన ఉందో లేదో నువ్వు రాయలేదు. ఉంటే మాత్రం తెలుసుకో, అక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్1బీ వీసాలో మాస్టర్స్ వాళ్లకు విడిగా ఉండే 20,000 కోటా అక్కడి యూనివర్సిటీల్లో చదివినవాళ్లకే, మన ఎంసీఏకి అది రాదు. కానీ మూడేళ్ల డిగ్రీతో అక్కడి ఎంఎస్‌కి దరఖాస్తు చేస్తే 16 ఏళ్ల చదువు లేదని చాలా యూనివర్సిటీలు ఆపేస్తాయి, ఎంసీఏతో ఆ లోటు తీరుతుంది.

ఇక నాన్నగారి సంగతి. ఆయన భయం నాకు అర్థమవుతుంది, సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడు తీసేస్తారోనని మన ఊళ్లలో ప్రతి ఇంట్లో ఉన్నదే. గ్రూప్-2కి ఏ డిగ్రీ అయినా చాలు, నీ బీఎస్సీతోనే రాయొచ్చు, ఎంసీఏ చేసినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదని ఆయనకు చెప్పు. ఎప్పటికైనా ఇంటికి దగ్గరగా డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుందామనుకుంటే పీజీలో 55 శాతం, దానితోపాటు లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ లేదా సెట్ కావాలి, కాబట్టి పాస్ మార్కులతో సరిపెట్టుకోకుండా 60కి పైన తెచ్చుకో. ఉద్యోగం మానేసి గ్రూప్స్‌కి కూర్చోమంటే మాత్రం నేను ఒప్పుకోను. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చినా ఎప్పుడు తేలుతుందో ఆయనా చెప్పలేరు.

ఇగ్నోలో అడ్మిషన్లు జనవరి, జులై సెషన్లకు ఉంటాయి. ఈసారి ఇంటికొచ్చినప్పుడు కాలేజీకెళ్లి సీఎంఎం (అన్ని మార్కులూ ఒకేచోట ఉండే మెమో), ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెచ్చుకో, ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) అప్లై చేయకపోతే ఆ పనీ చూడు. దూరవిద్యలో చేరాలంటే ఇప్పుడు యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే డెబ్ ఐడీ కావాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ (నీ క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ నంబరు), అది ఆధార్‌తో వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరం ఉందేమో ఇప్పుడే చూసుకో. తేడా ఉంటే అప్లికేషన్ ఆఖరి వారంలో ఆధార్ సెంటర్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.