నివేదికలో 6 మీటర్లంటే అన్ని అలలూ 6 మీటర్లే అని కాదు

సముద్ర వాతావరణ నివేదికలో అల ఎత్తు 6 మీటర్లని ఉంటే, మీ తమ్ముడి ఓడ మీదికి 13 మీటర్ల అల ఎలా వచ్చిందని అడిగారు కదండీ. నివేదిక తప్పు కాదు. అందులో ఇచ్చేది అలల్లో పెద్దవైన మూడో వంతు వాటి సగటు ఎత్తు, కాబట్టి అంతకు మించినవి ఎప్పుడూ ఉంటాయి, రెండింతలు దాటినదాన్ని రోగ్ వేవ్ అంటారు. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో, చుట్టూ 12 మీటర్ల అలలున్నప్పుడు, డ్రౌప్నర్ అనే గ్యాస్ ప్లాట్‌ఫామ్ (సముద్రంలో నిలబెట్టిన కట్టడం) మీది లేజర్ పరికరం 25.6 మీటర్ల అలను కొలిచింది. అంతకుముందు నావికులు చెబితే చాలామంది నమ్మేవాళ్లు కాదు, పాపం.

ఇంత పెద్ద అల లేవడానికి, వేర్వేరు వేగాలతో వచ్చే అలల శిఖరాలు ఒక్క క్షణం ఒకేచోట కలిస్తే చాలు. ఎదురు ప్రవాహం తగిలితే ఇంకా నిటారుగా లేస్తాయి, దక్షిణాఫ్రికా పక్కన అగుల్హాస్ ప్రవాహంలో భయం అందుకే. ఓడ ముక్కు ముందున్న గుంటలోకి దిగి, మళ్లీ లేచేలోపే గోడలాంటి నీళ్లు మీద పడతాయి. బ్రిడ్జ్ (ఓడను నడిపే గది) అద్దాలు పగిలి నీళ్లు కరెంటు పరికరాల్లోకి పోతే ఇంజిన్ ఆగొచ్చు, అప్పుడు ఓడ అలలకు అడ్డం తిరుగుతుంది, అసలు ప్రమాదం అదే.

మరీ టెన్షన్ పడకండి, సముద్రం బాగోలేనప్పుడు కెప్టెన్ వేగం తగ్గించి ముక్కును అలకు ఎదురుగా ఉంచుతాడు. తమ్ముడికి మాత్రం ఒక్కటి గట్టిగా చెప్పండి, ఆ సమయంలో ఏ పని మిగిలిపోయినా సరే, అనుమతి లేకుండా డెక్ మీదికి వెళ్లొద్దని.