సర్కారు ఫైబర్ పెట్టించుకుంటే మనం ఏం చూస్తున్నమో వాళ్లకు తెలుస్తదా?

ప్రశ్న: అన్నా, మాది పరకాల దగ్గర ఊరు. టీ-ఫైబర్ (రాష్ట్ర సర్కారు నెట్ లైన్) వస్తదంట, నెలకు 300కే అంటున్నరు. బాపు పెట్టిద్దాం అంటుండు, అక్క మాత్రం సర్కారు లైన్ అయితే మనం చూసేదంతా వాళ్లకు తెలుస్తది వద్దంటుంది. ఏం చేయాలె?

తమ్మీ, మీ అక్క భయం ఉత్తగ తీసేసేది కాదు. కానీ ప్రైవేట్ కనెక్షన్ తీస్కుంటే సర్కారు కంట్ల పడం అనుకుంటే అది కూడా తప్పే. మన దేశంల ఏ నెట్ కంపెనీ అయినా ఆర్డర్ వస్తే ట్రాఫిక్ (లైన్‌ల వచ్చిపోయే డేటా) చూపియ్యాలె, ఇది లైసెన్స్‌లనే ఉంటది, కస్టమర్ల లాగ్‌లు (నెట్ వాడిన రికార్డులు) దాచిపెట్టే టైమ్ కూడా 2021 డిసెంబర్‌ల ఏడాది నుంచి రెండేండ్లకు పెంచిన్రు. ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టేది జడ్జి కాదు, హోం సెక్రటరీ. 60 రోజులకు ఇస్తరు, పొడిగించుకుంట 180 రోజుల దాక పోవచ్చు. తర్వాత చూసే రివ్యూ కమిటీల కూడా చీఫ్ సెక్రటరీ, ఇంకో ఇద్దరు సెక్రటరీలే. 2024ల మన రాష్ట్రంల బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసు చూసినం కదా, మావోయిస్టుల పేరు చెప్పి లీడర్లయి, జర్నలిస్టులయి ఫోన్లు విన్నరని ఆరోపణ, దానికి సర్కారు సిమ్మే ఉండాలని ఏం లేదు.

మరి తేడా ఎక్కడ? ప్రైవేట్ కంపెనీల అడిగేటోడు వేరు, ఇచ్చేటోడు వేరు, రేపు కోర్టుల ఇరుక్కుంటమని కాయితం చూపియ్యుమని అడుగుతరు. సర్కారు కంపెనీల పైన కూర్చునే ఆఫీసర్‌ను పెట్టేది కూడా ఆ సర్కారే, అక్కడ కాదు అనేటోడు ఎవరు? నాకు అసలు భయం ఇదే. దానికి తోడు మన వివరాలు కాపాడాల్సిన 2023 డేటా చట్టంల 17వ సెక్షన్ కింద కేంద్రం ఏ సర్కారు సంస్థకైనా ఆ చట్టం నుంచి మినహాయింపు ఇయ్యొచ్చు. మన దగ్గర సమగ్ర వేదిక అని ఇప్పటికే కరెంటు, బండి, భూమి లెక్కలన్ని ఒక్కతాన కలిపే సిస్టమ్ ఉంది, కంప్యూటర్ లెక్కలు చూసి రద్దు చేసిన 19 లక్షల పైన రేషన్ కార్డులను మళ్ల ఇంటింటికి పోయి చూడుమని 2022ల సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రేపు నెట్ వాడకం గూడ అండ్ల కలిస్తే ఏమైతదో ఆలోచించుండ్రి.

అయినా నేను పెట్టించుకోమనే చెప్త. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కాల్వలల్లనే ఈ ఫైబర్ వేసిన్రు, అది మన పైసలతోనే. పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌ల 2024 డిసెంబర్‌ల పైలట్‌గ మొదలైంది, సిగ్నల్ కోసం డాబా ఎక్కే పిల్లలకు అది చిన్న విషయం కాదు. ఇంకోటి, సర్కారు కంపెనీ అయితే ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) పెట్టొచ్చు, ప్రైవేట్ కంపెనీకి డైరెక్ట్‌గ పెట్టలేం. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. లాగ్‌లు ఎన్ని రోజులు ఉంచుతరు, ఎవరు చూడొచ్చు, నెట్‌వర్క్ నడిపే కాంట్రాక్ట్ ఎవరికిచ్చిన్రు, డేటా వేరే శాఖలకు ఇస్తున్నరా, ఈ నాలుగు అడుగుండ్రి. ఊరికి ఒక్కరు అడిగినా చాలు.

ప్రశ్న: ఫ్రీ వీపీఎన్ (మన నెట్‌ను వేరే కంపెనీ సర్వర్ మీదికెళ్లి దాచి పంపే యాప్) వేస్కుంటే సరిపోతదా? (హన్మకొండ నుంచి ఒక షాపు ఓనర్)

వద్దన్నా. నెట్ కంపెనీ కంటికి కనవడకుండ పోయి ఎవరో తెల్వని ఫ్రీ యాప్‌కు అంతా అప్పజెప్తరు. 2022ల కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం వీపీఎన్‌లు కస్టమర్ వివరాలు ఐదేండ్లు ఉంచాలె, అందుకే కొన్ని పెద్ద కంపెనీలు ఇండియాల సర్వర్లు తీసేసినయ్. సైట్ అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌తోని మొదలైతే మీరు లోపల ఏం టైప్ చేస్తున్నరో లైన్ ఓనర్‌కు కనవడది, ఏ సైటుకు, ఎప్పుడు, ఎంతసేపు పోయిన్రు అన్నది మాత్రం తెలుస్తది. ఫోన్ సెట్టింగ్స్‌ల ప్రైవేట్ డీఎన్‌ఎస్ (సైట్ పేరు వెతికేటప్పుడు దాచిపెట్టే సెట్టింగ్) ఆన్ చేస్తే అది కూడా కొంత తగ్గుతది. ఇంకా ముఖ్యం, బాక్స్ బిగించిన పిలగాడు పెట్టిన వైఫై పాస్‌వర్డ్, బాక్స్ సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ రెండూ అదే రోజు మార్చుండ్రి.