పప్పు డబ్బా వెనక దీపం

మేడమ్‌గారికి,
నా వయసు 64. తెనాలి దగ్గర కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. ఇరవయ్యో ఏట నుంచి నాస్తికుణ్ణి. మాది దండల పెళ్లి, ముహూర్తం కూడా చూసుకోలేదు. కాపురానికి 37 ఏళ్లు. రెండు నెలల కిందట మా ఆవిడకి గుండె వాల్వు మార్చారు. ఆపరేషన్ థియేటర్ బయట ఐదు గంటలు కూర్చున్నాను. ఎప్పుడన్నానో తెలీదు, "దేవుడా, ఈ మనిషిని నాకు మిగల్చు" అనేశాను. ఆ మర్నాడు ఇంటికొచ్చి, కాస్త పప్పు పడేసుకుందామని కింది అరలో కందిపప్పు డబ్బా జరిపితే దాని వెనక వెంకటేశ్వరస్వామి పటం, ఇత్తడి ప్రమిద, పసుపు గుడ్డలో ముడుపు. ముడుపు కింద చీటీ మీద 2013, నా స్కూటర్ యాక్సిడెంట్ అయిన నెల. పై అర అడుగున మసి. అన్నీ మళ్లీ అలాగే పెట్టేశాను. మా అమ్మాయికి ఫోన్ చేస్తే "నీకు ఇప్పుడా తెలిసింది నాన్నా?" అంది. మా ఆవిడతో ఇంతవరకూ ఈ మాట ఎత్తలేదు. నేను ఏనాడూ ఆవిడని వద్దనలేదు. బావమరిది అయ్యప్ప మాల వేసుకుంటే కాస్త వేళాకోళం చేసేవాణ్ణి, అంతే. నా ప్రశ్న: నాస్తికుడు దేవుణ్ణి నమ్మడానికి సరైన కారణం ఏది? ఆంటొనీ ఫ్లూ లాంటి తాత్వికుడు మారాడు, చలం అరుణాచలం వెళ్లిపోయాడు. భయంలో పుట్టిన నమ్మకం నమ్మకమేనా? మా నాస్తిక సంఘం మిత్రులకు ఏం చెప్పాలి?

మాస్టారూ,

మీ ఉత్తరం ఏడు పేజీలు. పైన బాగా కుదించి వేశాం. అందులో దేవుడి గురించి ఆరు పేజీలు, మీ ఆవిడ గురించి అక్కడక్కడా కలిపి ఒక పేజీ. నాకు ఆ ఒక్క పేజీతోనే పని. అయినా అడిగారు కాబట్టి ముందు దేవుడి సంగతి చూద్దాం, ఎక్కువసేపు పట్టదు.

గడప తగిలి బొటనవేలు చితికితే "అమ్మా" అంటాం. అమ్మ పోయి ఇరవై ఏళ్లయినా అంటాం. ఆవిడ లేచొస్తుందని కాదుగా. థియేటర్ బయట మీ నోటి వెంట వచ్చిన మాట అలాంటిదే. దాంతో మీరు ఆస్తికులైపోలేదు, సంఘానికి రాజీనామా రాయక్కర్లేదు. అలాగని సిగ్గుపడాల్సిన బలహీనత కూడా కాదు. భార్య గుండె తెరిచి ఉన్న ఐదు గంటలు బండరాయిలా కూర్చున్నానని రాసి ఉంటే అప్పుడు భయపడేదాన్ని.

ఫ్లూ మారిన మాట నిజం. యాభై ఏళ్లు దేవుడు లేడని వాదించినవాడు 2004లో, 81 ఏళ్ల వయసులో, ఈ సృష్టి వెనక ఏదో ఒక తెలివి ఉందని ఒప్పుకున్నాడు. అంతవరకే. ప్రార్థనలు వినే దేవుడు ఉన్నాడని అనలేదు. ఆయన ఒప్పుకున్న దేవుడికి కొబ్బరికాయ కొట్టినా పట్టదు, కొట్టకపోయినా పట్టదు. ఆ రోజు ఆసుపత్రిలో మీరు పిలిచింది ఆయన్ని కాదు. చలం దారి వేరు. 1936లో రమణ మహర్షిని చూసొచ్చి, 1950లో బెజవాడ వదిలి అరుణాచలం వెళ్లి, 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఎవరితోనో వాదనలో ఓడి వెళ్లలేదు, ఒక మనిషిని చూసి వెళ్లాడు. కొందరు తర్కంతో వెళ్తారు, కొందరు దుఃఖంతో, కొందరు ముసలితనంలో పలకరించే దిక్కులేక. ఇందులో ఏది సరైన కారణమో మార్కులు వేసే పని నేను పెట్టుకోను. రేపు మీరు నమ్మినా, నమ్మకపోయినా నాకొకటే.

నన్ను వదలంది ఆ పప్పు డబ్బా.

ఇంట్లో ఆడమనిషి ఏదైనా దాచాలనుకుంటే మగవాడి చెయ్యి పోని చోటు చూసుకుంటుంది. మీ ఇంట్లో ఆ చోటు వంటింటి కింది అర. ఇన్నేళ్లూ అక్కడ భద్రంగా ఉందంటే మీరు ఆ అర వైపు ఒక్కసారి కూడా వంగలేదన్నమాట. స్త్రీల సమానత్వం మీద ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చానని మూడో పేజీలో రాశారు. ఇంటికొచ్చాక అన్నం ఎవరు పెట్టేవారో రాయలేదు.

పై అర అడుగున మసి అన్నారు. అది ఒక్కరోజులో పట్టేది కాదు. మీరు కాలేజీకి బయల్దేరాక, తలుపు దగ్గరగా వేసి, నేల మీద కూర్చుని, డబ్బా పక్కకి జరిపి, అరలోకి తల దూర్చి వెలిగించుకుని ఉంటుంది. కొండెక్కేదాకా కాపలా కాసి, మళ్లీ డబ్బా అడ్డం పెట్టి ఉంటుంది. శనివారాలు ఒంటిపూట తింటే, గ్యాస్ వల్లేనని చెప్పిందని కూడా రాశారు. ఆధారం లేనిదే ఏదీ నమ్మని మనిషి ఆ గ్యాస్ మాట మాత్రం ఎదురు ప్రశ్న వెయ్యకుండా నమ్మారు.

వద్దనలేదు అంటున్నారు. నిజమే అయ్యుంటుంది. కానీ భోజనాల దగ్గర ఆవిడ అన్నగారి నల్లబట్టల మీద జోకులు వేస్తుంటే వడ్డిస్తున్నది ఎవరు? మీరు "అంతే" అని తేలిగ్గా రాసిన ఆ వేళాకోళం చాలు, అవతలి మనిషి తన దేవుణ్ణి తీసుకెళ్లి పప్పు డబ్బా వెనక పెట్టుకోవడానికి.

ఉత్తరంలో నాస్తిక ఉద్యమకారుడు గోరాగారి పేరు రెండుసార్లు తెచ్చారు. నాకూ ఆయనంటే గౌరవమే, అందుకే చెబుతున్నాను. ఆయన భార్య సరస్వతీ గోరాగారు కడుపుతో ఉండి సూర్యగ్రహణం చూశారు. ఆ రోజుల్లో అది ఎంత తెగింపో మా నాయనమ్మ తరం వాళ్లనడిగితే చెప్పేవారు. ఆవిడ నాస్తికత్వం ఆవిడ సొంతం. మీ ఆవిడకి మాత్రం అది ఇంటిపేరుతో పాటు వచ్చింది. కావాలా అని ఎవరూ అడగలేదు. ఇంకో సంగతి. గోరాగారు ప్రార్థనలు జరిగే గాంధీగారి ఆశ్రమంలోనే కూర్చుని ఆయనతో దేవుడి మీద వాదించారు. గోరాగారి పెద్దమ్మాయి పెళ్లి సేవాగ్రామ్‌లో చెయ్యడానికి గాంధీగారు ఒప్పుకుని, ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికి కూడా సరేనన్నారు. గాంధీగారు పోయాక, 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. ఇద్దరూ తమ మాట తాము విడవలేదు, ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకోగలిగారు. మీ ఇంట్లో ఆ ఎదురుబొదురు లేదు.

ఇది నాస్తికుల ఇళ్లలోనే ఉందనుకోకండి. మా నాన్నగారు మహా నిష్ఠాపరులు. మా అమ్మ తెల్లారకట్లే లేచి, తడిబట్టతో మడి కట్టుకుని, నలభై ఏళ్లు ఆయన పూజకి అన్నీ అమర్చింది. ఆయన పోయి కర్మకాండ అయిన వారంలోపే పూజగదికి గొళ్లెం పెట్టింది. ఏమిటమ్మా అంటే, "ఆయన కోసం చేశానే, నాకెప్పుడూ పట్టలేదు" అంది. మా నాన్నగారికి ఆ సంగతి చివరిదాకా తెలీదు. మీ కథ చదువుతుంటే నాకు ఆ గొళ్లెమే గుర్తొచ్చింది.

ఇప్పుడు ముడుపు మాట. మీరు దాన్ని ప్రేమ గుర్తులా చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నానన్నారు. ప్రేమే, కాదనను. కానీ నమ్మేవాళ్ల లెక్కలో ముడుపంటే అప్పు. కోరుకున్నది జరిగాక కొండకి చేర్చాలి. 2013లో కట్టింది. మీ కాలు అతుక్కుంది, మీరు వాకింగ్‌కి కూడా వెళ్తున్నారు. ముడుపు మాత్రం డబ్బా వెనకే ఉంది. ఎందుకంటే తిరుపతి వెళ్లాలంటే మీతో చెప్పాలి. ఇన్నేళ్లు ఆ బాకీ టెన్షన్ ఒక్కతే మోసింది. డాక్టరు వాల్వు పాడైందని చెప్పిన రోజు ఆవిడకి మొదట ఏ ఆలోచన వచ్చి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. మీరు శాస్త్రం చెప్పి ఆ భయం తీర్చగలిగేవారే. కానీ మీకు చెప్పుకునే దారేది?

రొమ్ము ఎముక కోసి చేసిన ఆపరేషన్. వంగొద్దు, బరువులు ఎత్తొద్దు అని చెప్పి పంపారని మీరే రాశారు. అంటే ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఆ అర దాకా వంగలేదు, డబ్బా జరపలేదు. దీపం వెలిగి రెండు నెలలు. ఆవిడ మిమ్మల్ని అడగలేదు. మీరు ఆవిడతో అనలేదు. అదే ఇంట్లో పక్క గదిలో కూర్చుని నాకు ఏడు పేజీలు రాశారు.

ముందు చెయ్యకూడనిది చెబుతాను. బజారుకెళ్లి టేకు మందిరం కొనుక్కొచ్చి సర్‌ప్రైజ్ అనకండి. ఆ ప్రమిద మీరే వెలిగించి ఆవిడని పిలవకండి. ఆ ఇంట్లో దేవుడు లేడని 37 ఏళ్ల కిందట తేల్చిందీ మీరే, ఇప్పుడు ఉన్నాడని తేల్చేదీ మీరే అవుతారు.

మధ్యాహ్నం మాత్రలు ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుని, "పప్పు డబ్బా వెనక చూశాను" అనండి. బెదిరిపోతుంది. అమ్మాయి పెట్టిందని అబద్ధం కూడా ఆడొచ్చు. ఎందుకు దాచావని మాత్రం అడక్కండి, జవాబు మీకు తెలుసు. థియేటర్ బయట మీరన్న మాట చెప్పాలనిపిస్తే చెప్పండి, కానీ ఆ రోజు కాదు. మీరు చెబితే సంభాషణ మీ వైపు తిరిగిపోతుంది, ఆవిడ మిమ్మల్ని ఓదారుస్తూ కూర్చుంటుంది. ఆ రోజు ఆవిడది.

పటం ఎక్కడ పెట్టాలో ఆవిడే చెప్పాలి. నిలబడితే చెయ్యి అందే ఎత్తులో ఉంటే చాలు. ఒంటిపూటలు, ఉపవాసాలు మాత్రం డాక్టరుని అడిగాకే. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునే మనిషి తిండి విషయంలో సొంత నిర్ణయాలు పనికిరావు, దేవుడి పేరుతో అయినా సరే. ప్రయాణానికి డాక్టరే సరేనన్నాక ముడుపు తీసుకుని కొండకి వెళ్లండి, మెట్ల మాట తలపెట్టకుండా బస్సులో. మీరు లోపలికి వెళ్తే ఆత్మవంచన అవుతుందా అని మధనపడకండి. చేతులు జోడించాలనిపిస్తే జోడించండి, లేకపోతే ఆవిడ మాత్రల సంచి పట్టుకుని పక్కన నడవండి. వెనక నుంచి తోసేవాళ్లు మీరు ఆస్తికులా నాస్తికులా అని చూసి తొయ్యరు, ఆవిడ కుట్ల మీద ఎవరి మోచెయ్యీ తగలకుండా చూసుకోవడమే అక్కడ మీ పని.

మిత్రులకు ఏం చెప్పాలన్నారు. ఇంటికెళ్లి వాళ్ల పప్పు డబ్బాలు కూడా జరిపి చూసుకోమనండి.

ఇవాళ బుధవారం. ఇది మీ చేతికి శుక్రవారానికి అందుతుంది. శనివారం దాకా వాయిదా వెయ్యకండి, ఆ రోజుకి ఆవిడకి ఒత్తులూ నూనే కావాలి. నువ్వుల నూనె వాడుతుందో, ఆవు నెయ్యో నాకు తెలీదు. మీకూ తెలీదు. అడిగి తెచ్చిపెట్టండి.