ప్రయోగశాల కంటే ముందు నోటుపుస్తకం

అమ్మాయీ, ఆశీస్సులు.

డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) రోగుల సంరక్షణ, ఆ జబ్బుపై పరిశోధన ఒకే చోట జరిగేలా లాభాపేక్ష లేని కేంద్రం ప్రారంభించాలని నువ్వు రాసి పంపిన ప్రణాళికను రెండుసార్లు చదివాను. ఎం.ఆర్.ఐ. గది ఎక్కడ ఉండాలో అందులో ఉంది, రక్త నమూనాలు దాచే ఫ్రీజర్ల లెక్క ఉంది. రాత్రి రెండు గంటలకు లేచి "మా ఇంటికి పోతాను" అంటూ తలుపు తట్టే మనిషి పక్కన ఎవరుంటారో మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఇటువంటి కేంద్రాన్ని చాలాకాలం నడిపి, చేసిన తప్పుల్లో కొన్ని దిద్దుకుని, కొన్ని దిద్దుకోలేకపోయినదాన్ని కనుక, తోచినది దాచకుండా రాస్తున్నాను.

సేవ ఒక విభాగం, పరిశోధన మరొక విభాగం అంటూ నువ్వు మధ్యలో గీత గీశావు. డిమెన్షియాలో ముఖ్యమైన రకమైన అల్జీమర్స్ జబ్బు కథ మొదలైన తీరే వేరు. 1901 నవంబరులో ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ల స్త్రీని జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేర్చినప్పుడు, అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు ఆమె ఎదురుగా కూర్చుని నీ పేరేమిటి, నీ భర్త పేరేమిటి, ఇప్పుడు ఏం తింటున్నావు అని అడిగి, ఆమె నోటినుంచి వచ్చిన జవాబులను వచ్చినట్టే రాసుకున్నాడు. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించేనాటికి ఆయన మ్యూనిక్‌లో పనిచేస్తున్నాడు. మెదడునూ కేసు కాగితాలనూ అక్కడికి తెప్పించుకుని పరీక్షించి, అదే ఏడాది నవంబరులో ట్యూబింగన్ వైద్యుల సమావేశంలో వివరించాడు. సూక్ష్మదర్శిని కింద కనిపించిన మచ్చలకూ చిక్కుపడ్డ పోగులకూ అర్థం వచ్చింది మంచం పక్కన రాసుకున్న ఆ మాటల వల్లనే. ఎక్కడో మరుగున పడిపోయిన ఆ ఫైలు 1995లో మళ్లీ దొరికింది.

అందువల్ల ప్రతి రోగికీ ఒక నోటుపుస్తకం పెట్టు. మొదటి పేజీల్లో ఆ మనిషి జీవితం ఉండాలి: ఏ పని చేసేవారు, ఇంట్లో ఏమని పిలిచేవారు, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, దేనికి భయపడతారు. తరువాతి పేజీల్లో నిద్ర, నీళ్లు, విరేచనం, నడక, ఉద్రేకం వచ్చిన రోజున దానికి ముందు ఏం జరిగిందో ఉండాలి. రాయవలసినది రోజంతా దగ్గరుండే ఆయా; ఆమె భాషను ఎవరూ దిద్దకూడదు. "రోగి ఉద్రేకానికి లోనయ్యారు" అన్న వాక్యంతో వైద్యుడు ఏమీ చేయలేడు. "నెత్తిమీద నీళ్లు పోయగానే అరిచారు, కాళ్లనుంచి మొదలుపెట్టి పోస్తే ఊరుకున్నారు" అని రాసి ఉంటే మరునాటి స్నానం ప్రశాంతంగా జరిగిపోతుంది.

ఈ సంగతి నాకు తెలిసివచ్చిన తీరు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. నెమ్మదస్తుడైన ఒక పెద్దాయన రెండు రోజుల్లోనే మనిషి మారిపోయి, దగ్గరికి వచ్చినవారినల్లా కొట్టబోయేవారు. జబ్బు ముదిరిందని తేల్చుకుని, నిద్రమందు మోతాదు పెంచడానికి నేనే ఒప్పుకున్నాను. మూడో రోజు జ్వరం వచ్చాక గాని మూత్రంలో ఇన్‌ఫెక్షన్ బయటపడలేదు. ఆయన నీళ్లు తాగడం లేదనీ, మూత్రానికి వెళ్లినప్పుడల్లా మూలుగుతున్నారనీ రాత్రి డ్యూటీ ఆయాకు మొదటినుంచీ తెలుసు. ఆమెను అడిగినవారు లేరు, రాయడానికి ఆమె చేతిలో పుస్తకం లేదు. ఉన్నట్టుండి వచ్చిన మార్పు డిమెన్షియా ముదరడం కాదు, వేరే కారణం ఉందని భావించి ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, పంటినొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటన్నిటినీ చూశాకే మరో మాట ఎత్తాలి. డిమెన్షియా ఉన్న వృద్ధులకు ఉద్రేకాన్ని అణచే యాంటీసైకోటిక్ మందులు ఇస్తే మరణించే ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కొత్తతరం మందులకు 2005లోనే, పాతవాటికి 2008లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీచేసింది. అవి అసలు వాడకూడదని నేననను. చివరి మెట్టుగా, తక్కువ మోతాదులో, ఎప్పుడు ఆపాలో ముందే తేదీ వేసుకుని వాడాలి.

చేర్చుకునేటప్పుడూ ఇదే జాగ్రత్త. థైరాయిడ్ లోపం, బి12 లోపం, దిగులు జబ్బు, వినికిడి తగ్గడం, తలకు దెబ్బ తగిలాక మెదడుపై పేరుకున్న రక్తం, ఇవన్నీ డిమెన్షియాలాగే కనిపించగలవు, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. మన భాషలో చాదస్తం, మతిమరుపు అన్న మాటలు ఎంత సులువుగా నోటికి వస్తాయంటే, పరీక్ష చేయించకముందే రోగనిర్ధారణ అయిపోతుంది.

పడకలతో మొదలుపెట్టకు, పగటి సంరక్షణతో మొదలుపెట్టు. ఉదయం తీసుకువచ్చి సాయంత్రం తీసుకువెళ్లే ఏర్పాటు ఉంటే కుటుంబానికి కొన్ని గంటలు ఊపిరి ఆడుతుంది, నీ సిబ్బందికి పని చేతికి వస్తుంది. మా దగ్గర ఒక ఉపాధ్యాయురాలు సాయంత్రం నాలుగు కాగానే చేతిసంచి తీసుకుని తలుపు దగ్గర నిలబడేవారు. తాళం వేస్తే ఏడ్చేవారు, వాదిస్తే కోపం వచ్చేది. ఆ వేళకు బడి వదిలేవారని కూతురు చెప్పాక, మా ఆయా మూడున్నరకే కాగితాల కట్ట తెచ్చి "ఇవి దిద్దిపోండి టీచరుగారూ" అని ముందు పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్క కాగితం మీదా టిక్కు పెట్టేవారు. అయిదున్నరకు కూతురు వచ్చేసరికి కట్ట పూర్తయ్యేది. ఇటువంటి ఆయా మానేస్తే ఆమెతోపాటు ఈ జ్ఞానమంతా గేటు దాటిపోతుంది. కనుక జీతాల పద్దు నుంచి కోసి యంత్రాల పద్దులో కలపవద్దు.

కట్టడం గురించి రెండే మాటలు: నేలమీద నల్లని పట్టాలు వేయించకు, అవి వారి కళ్లకు గుంటల్లా కనిపిస్తాయి, మరుగుదొడ్డి తలుపు గోడరంగులో కలిసిపోకూడదు.

పరిశోధనకు సమ్మతి అడిగేవారు, సంరక్షణ చేసేవారు ఒకరే కాకూడదు. తల్లిని మీ చేతుల్లో పెట్టిన కొడుకు మీకు కాదనలేడు, ఆ మొహమాటాన్ని సమ్మతిగా లెక్కవేసుకోవడం అన్యాయం. జబ్బు తొలిదశలో ఉండి రోగి స్వయంగా నిర్ణయించుకోగలిగినప్పుడే మాట్లాడాలి, మరణానంతర మెదడు దానం గురించి కూడా అప్పుడే. ఆ తరువాత కుటుంబం సంతకం ఉన్నా, సూది చూసి చేయి వెనక్కి లాక్కుంటే ఆ రోజుకు అది వద్దన్నట్టే. అమెరికాలో డేవిడ్ స్నోడన్ అనే పరిశోధకుడు 1986లో ఆరంభించిన అధ్యయనంలో 678 మంది క్రైస్తవ సన్యాసినులు ఏటా పరీక్షలకు కూర్చోవడానికీ, మరణానంతరం మెదడు ఇవ్వడానికీ ఒప్పుకున్నారు. యౌవనంలో మఠంలో చేరినప్పుడు వారిలో కొందరు రాసిన స్వీయపరిచయాలు భద్రంగా ఉండబట్టి, ఆనాటి వాక్యాల్లోని భావసాంద్రతకూ (కొద్ది మాటల్లో ఎన్ని భావాలు ఇమిడాయన్నదానికీ) ముసలితనంలో వచ్చిన జబ్బుకూ సంబంధం ఉన్నట్టు దశాబ్దాల తరువాత కనిపెట్టగలిగారు. రాసినవారికి అటువంటి ఉద్దేశమే లేదు.

డబ్బు విషయంలో, పరిశోధన గ్రాంటుకు గడువు ఉంటుంది, రోగికి ఉండదు. గ్రాంటు డబ్బుతో నియమించిన ఆయా మీద రోగి ఆధారపడ్డాక గ్రాంటు ముగిస్తే ఏం చేస్తావో ముందే రాసిపెట్టుకో. రెండు పద్దులు వేరుగా ఉంచి, ఏటా ఆడిట్ చేయించి, లెక్కలు అందరికీ చూపించు. మందుల కంపెనీ విరాళమిస్తే తీసుకోవచ్చు గాని, ఆ కంపెనీ మందు పరీక్షకు రోగులను ఎంచే పనిలో వారి మాట చెల్లకూడదు.

కొత్త మందుల గురించి కుటుంబాలు ఆశగా అడుగుతాయి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవారికి మాత్రమే. జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుంది, పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేదు, కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు. నీ కేంద్రానికి వచ్చేవారిలో చాలామంది ఆ దశ దాటి ఉంటారు. ఆ మాట మెల్లగా, కూర్చోబెట్టి, వైద్యుడే చెప్పాలి. కరపత్రం చేతిలో పెట్టి పంపించవద్దు.

నువ్వు జతచేసిన సమ్మతి పత్రంలో రెండో పేజీ చివర "ఎప్పుడైనా విరమించుకోవచ్చు" అన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని మొదటి పేజీకి తెచ్చి, "విరమించుకున్నా ఇక్కడి సంరక్షణలో ఏ మార్పూ ఉండదు" అని కలిపి, ఆయాకు ఒకసారి చదివి వినిపించి, ఆమెకు అర్థం కాని మాటలు తీసేశాక నాకు మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ