మాక్యులా కింద నీరు: అక్యూటా, క్రానిక్కా?

ప్రశ్న: నా వయసు 41. మాది భీమవరం దగ్గర ఓ పల్లె, రొయ్యల చెరువులు చేస్తాను. నాలుగు నెలలుగా కుడి కంటికి ఎదురుగా మసక మచ్చ అడ్డొస్తోంది. కరెంటు స్తంభం మధ్యలో వంగినట్టు, ఎదుటి మనిషి మొహం చిన్నదైనట్టు కనిపిస్తోంది. నిరుడు కూడా ఇలాగే వచ్చి దానంతటదే తగ్గింది. ఇప్పుడు ఓసీటీ (కంటి లోపలి పొరలను చూపే) స్కాన్ చూసి ఒక డాక్టరు గారు ‘అక్యూట్ సీఎస్సార్’ అన్నారు. ఇంకొకరు ‘క్రానిక్’ అని, కంట్లో ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. షుగరు, బీపీ లేవు. తామరకు రాసే క్రీమ్ తప్ప వేరే మందులేవీ వాడను. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పేరు దగ్గర ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదండీ. సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతి (పొట్టిగా సీఎస్సార్) అనే ఈ జబ్బును చాలాకాలం క్యాలెండరు చూసే అక్యూట్ (కొత్తది), క్రానిక్ (పాతబడినది) అని విడగొట్టారు. ఆ గీత ఎక్కడ గీయాలో మాత్రం అందరూ ఒప్పుకోలేదు. మూడు నెలలు దాటితే క్రానిక్ అనేవాళ్లున్నారు, ఆరు దాటాలనేవాళ్లూ ఉన్నారు. మీది నాలుగు నెలలు కాబట్టి ఒకరికి అటు, ఒకరికి ఇటు పడింది. చికిత్సను తేల్చేది ఈ పేరు కాదు.

కంటి లోపలి చూపు తెర అయిన రెటీనా వెనక కోరాయిడ్ అనే రక్తనాళాల పొర ఉంటుంది. రెండింటి మధ్య ఆర్‌పీఈ అనే ఒకే వరస కణాల పొర. కోరాయిడ్ ఉబ్బి ఒత్తిడి పెరిగితే ఈ పొర ఎక్కడో ఓడి, మాక్యులా (రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే చోటు) కింద నీరు చేరుతుంది. చెరువు గట్టు సంగతి మీకు నేను చెప్పాలా! ఒక్క పీత బొరియలోంచి నీరు ఓడటం వేరు, గట్టు పొడవునా నాని చెమర్చడం వేరు.

2020లో వివిధ దేశాల రెటీనా నిపుణులు ప్రతిపాదించిన వర్గీకరణ ముందుగా ఈ తేడానే చూస్తుంది. ఆర్‌పీఈ చెడిన మేర అంతా కలిపి రెండు డిస్కుల వైశాల్యం లోపు ఉంటే ‘సింపుల్’, దాటితే ‘కాంప్లెక్స్’. డిస్కు అంటే కంటినరం మొదలయ్యే చోటు, అడ్డంగా సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఆ తర్వాత ఇది మొదటిసారా, తిరగబెట్టిందా, నీరు ఆరు నెలలు దాటి నిలిచిందా, కింద కొత్త రక్తనాళాలు మొలిచాయా అన్నవి చూస్తారు. ఇదంతా ఒక్క ఓసీటీతో తేలదు. ఆర్‌పీఈ ఎంత మేర చెడిందో ఆటోఫ్లోరెసెన్స్ ఫొటోలో తెలుస్తుంది. ఎక్కడ ఓడుతోందో చేతి నరానికి రంగు మందు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్‌లో కనిపిస్తుంది. కొత్త నాళాల కోసం ఓసీటీ యాంజియోగ్రఫీ.

ఇంజెక్షన్ అవసరమయ్యేది ఆ కొత్త నాళాలు ఉన్నప్పుడే. అవి లేని సీఎస్సార్‌లో దానివల్ల గట్టి లాభం రుజువు కాలేదు. ఎప్లెరెనోన్ మాత్రలు కూడా చాలామంది రాసేవారు. ఉత్తుత్తి మాత్రకంటే అవి మెరుగు కాదని 2020లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నీరు తగ్గకపోతే సగం డోసు ఫోటోడైనమిక్ లేజర్ మంచిది, కానీ దానికి వాడే వెర్టెపోర్ఫిన్ అనే మందు అన్నిచోట్లా దొరకదు. ఓడే చోటు మాక్యులా నడిమధ్యకు దూరంగా ఉంటే మామూలు లేజర్ సరిపోవచ్చు.

ఇక మీరు ఆఖర్న ఒక్క ముక్కలో తేల్చేసిన తామర క్రీమ్. నా అనుమానం ముందు దాని మీదే. చెరువుల్లో దిగేవాళ్లకు గజ్జల్లో, నడుం చుట్టూ తామర మామూలే. మందుల షాపులో అడిగితే చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద రెండు రోజుల్లో పోతుంది, తామర పోదు, ట్యూబు మీద ట్యూబు అయిపోతుంది. మీ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే దాన్ని పక్కన పెట్టి చర్మం డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్ ఏ దారిన ఒంట్లోకి వెళ్లినా ఈ జబ్బుకు ఊతమిస్తుంది: కీళ్లలో వేసే ఇంజెక్షన్, ఉబ్బసానికి పీల్చే మందు, ముక్కులో కొట్టుకునే స్ప్రే, ఒళ్లు నొప్పులకు పొట్లం కట్టి ఇచ్చే పేరు తెలియని మాత్రలు. అలాంటి మాత్రలు రోజూ మింగుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

రాత్రి కాపలా సంగతి కూడా అడగక తప్పదు. కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగుతాయని గట్టు మీదే తెల్లవార్లూ కూర్చునేవాళ్లలో ఈ జబ్బు చూస్తుంటాను. నిద్రలేమికీ, మానసిక ఒత్తిడికీ దీనితో సంబంధం ఉంది. చెరువు వదిలెయ్యమని చెప్పను, మనిషిని పెట్టుకుని వంతులు వేసుకోండి.

మొదటిసారి వచ్చినదైతే మూడు నాలుగు నెలలు ఊరికే చూసేవాళ్లం, చాలామందికి ఆ లోపే నీరు ఇంకిపోతుంది. మీది రెండోసారి, పైగా నాలుగు నెలలు నిండాయి. ఇంకా ఆగకుండా రెటీనా స్పెషలిస్టు దగ్గర పై పరీక్షలు చేయించుకోండి. నీరు ఉన్నంతకాలం కొత్త కళ్లజోడు కొనకండి, పవర్ మారిపోతుంది. ఎడమ కన్ను మూసి గోడ క్యాలెండరు గళ్లు రోజూ చూడండి. వంకర ఉన్నట్టుండి పెరిగితే ఆ రోజే వెళ్లండి. నిరుడు తీసిన స్కాన్ ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి. అప్పటి నీరు పూర్తిగా ఇంకిందని అందులో కనిపిస్తేనే ఇది తిరగబెట్టినదని చెప్పగలరు. లేకుంటే ఏడాదిగా నిలిచి ఉన్న నీరే కావచ్చు, అప్పుడు చికిత్స తొందర ఇంకా ఎక్కువ.